దర్వాజ మంచిగున్నది, ఇల్లేది?

(ప్రపంచ వారసత్వ వారోత్సవాల సందర్భంగా ఖిలా వరంగల్‌లో, కాకతీయులు నిలిపిన నాలుగు రాతి తోరణాల నడుమ, డిగ్రీ విద్యార్థులకూ ఊరివాళ్లకూ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్తే. ఎండ ఇంకా దిగలేదు, కండువానో చున్నీనో తలకు కప్పుకోండి. ముందు వరుసలో ఆ పద్మం చెక్కిన రాయి మీద కూర్చున్న పిల్లలు జర లేచి పక్కన గడ్డిలో కూర్చోండి బిడ్డా. ఎందుకు లేవమన్నానో కాసేపటికి చెబుతాను.

పొద్దున ఇంట్లో బయలుదేరి ఇక్కడికి వచ్చేలోపు మీరు ఎన్ని తోరణాలు చూసి ఉంటారు? సర్కారు కాగితం మీద తోరణం, ఆఫీసు బోర్డు మీద తోరణం, ఊరి పొలిమేర కమాన్ మీద తోరణం. పెళ్లి మండపం ముందు థర్మాకోల్‌తో చేసిన తోరణం కూడా నేను చూశాను. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చినప్పుడు చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ గీసిన రాజముద్రలో ఇది ఉంది, దాని లోపల చార్మినార్ ఉంది. ఇంతగా కళ్లకు అలవాటైన కట్టడం మన దగ్గర ఇంకొకటి లేదు. అలవాటైనదాన్ని మనం చూడడం మానేస్తాం. నా సంగతి కూడా అంతే అయింది.

నేను ఈ కోటలోనే పుట్టాను. బయటివాళ్లకు ఇది కోట, మాకు ఊరు. బడికి పోయేటప్పుడు ఈ ఉత్తరం తోరణం పక్క నుంచే పోయేవాళ్లం. డిగ్రీ చదివే రోజుల్లో, సెలవుల్లో, కోట చూడవచ్చినవాళ్లకు దారి చూపించి నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్పేవాణ్ని. గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు, సంవత్సరాలతో సహా గడగడా అప్పజెప్పేవాణ్ని. ఒకరోజు ములుగు దిక్కు నుంచి ఒక ముసలమ్మ మనవళ్లతో వచ్చింది. నా మాటలన్నీ ఓపికగా విన్నది. తోరణం కింద నిలబడి తల పైకెత్తి చూసి, ఆ మీదట లోపలికి తిరిగి ఈ ఖాళీ జాగా వైపు చూసి అడిగింది: "దర్వాజ మంచిగున్నది బిడ్డా. ఇల్లేది?"

నా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా తోరణం అంటేనే కట్టడం అనుకున్నాను. అది ఇంకో కట్టడానికి వాకిలి అని, ఆ కట్టడం ఇప్పుడు లేదని ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆ ముసలమ్మ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే నేను ఈ రాళ్లు చదవడం మొదలుపెట్టాను. ఈ పొద్దు మీతో చెప్పేది కూడా ఆ వెతుకులాటే.

ముందు మనం వచ్చిన దారి గుర్తు చేసుకుందాం. మట్టికోట దాటి లోపలికి వచ్చారు. ఆ తర్వాత రాతికోట. రాతికోట దర్వాజ దగ్గర మీ ఆటో ఏం చేసింది? తిన్నగా రాలేదు. ఒకసారి అటు మళ్లింది, మళ్లీ ఇటు మళ్లింది. ఎదురుగా బండి వస్తే ఆగాల్సి వచ్చింది. అది దారి వేసినవాళ్ల పొరపాటు కాదు, కోట కట్టినవాళ్ల ఆలోచన. దర్వాజ ముందు గోడలతో ఇంకో ఆవరణ కట్టి దారిని మలుపు తిప్పారు. పరుగున వచ్చే ఏనుగు, గుర్రం, దండు ఆ మలుపులో వేగం పోగొట్టుకోవాలి. పైన గోడల మీద ఉన్నవాళ్లకు అప్పుడు అది దొరికిపోతుంది.

కాకతీయుల రాజధాని మొదట హనుమకొండ. గణపతిదేవుడి కాలంలో, అంటే 1199 నుంచి 1262 మధ్య, ఓరుగల్లు రాజధాని అయి కోట పెరిగింది. ఆయన బిడ్డ రుద్రమదేవి దాన్ని ఇంకా గట్టిపరిచింది. రాతికోట అడ్డంగా కొలిస్తే సుమారు 1.2 కిలోమీటర్లు, మట్టికోట దానికి రెండింతలు, రెండూ గుండ్రంగా ఉంటాయి. రాతికోట గోడకు 45 బురుజులు. గోడలో రాయి మీద రాయి పేర్చారే తప్ప మధ్యలో సున్నం లేదు. లోపలి వైపు గోడ పొడుగునా మెట్లున్నాయి, ఎక్కడ ఆపద వచ్చినా అక్కడే సైనికుడు పైకి పరుగెత్తడానికి. 1310లో మాలిక్ కాఫూర్ దండు వచ్చి ముట్టడి వేసినప్పుడు ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో ఈ మట్టికోట గురించి రాశాడు, ఉక్కు ఈటె కూడా అందులో దిగదని. శత్రువు వైపు మనిషి రాసిన మాట అది. మట్టిని మనవాళ్లు ఎంత గట్టిగా దిమ్మిస కొట్టారో దాన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇంత కట్టుదిట్టం, ఇన్ని మలుపులు దాటి కోట నడిబొడ్డుకు వచ్చాక ఏముంది? తలుపులు లేని వాకిలి. గడియ లేదు, గొళ్లెం లేదు, అటూ ఇటూ గోడ కూడా లేదు. ఒకటి కాదు, నాలుగు దిక్కులకూ నాలుగు. తూర్పు తోరణం కింద నిలబడితే పడమటి తోరణం తిన్నగా కనిపిస్తుంది. బయట ప్రతి దర్వాజ మనిషిని ఆపడానికి కట్టింది. ఇక్కడ ప్రతి దర్వాజ రమ్మని పిలవడానికి కట్టింది. ఒకే రాజ్యం, ఒకే రాయి, ఒకే పనివాళ్లు. నన్నడిగితే కోట మొత్తంలో చూడాల్సింది ఈ తేడానే.

ఇప్పుడు అందరూ ఉత్తరం తోరణం వైపు తిరగండి. ఎత్తు సుమారు 30 అడుగులు. ఉత్తర దక్షిణ తోరణాల మధ్య సుమారు 480 అడుగులు, తూర్పు పడమరల మధ్య సుమారు 433 అడుగులు. ఇరువైపులా జంట స్తంభాలు. స్తంభాల తలల దగ్గర నుంచి చేతులు చాపినట్టు ఏటవాలుగా పైకి లేచిన రాళ్లు చూడండి. వాటి మీద ఆ పెద్ద అడ్డదూలం. దూలం స్తంభాల దగ్గరే ఆగలేదు, రెండు వైపులా బయటికి సాగింది. దాని మీద తామర మొగ్గలు, వేలాడే దండలు, సింహపు రూపాలు, కొసన హంసలు. హంస తోక చూడండి, ఈకలతో మొదలై తీగలా చుట్టుకుపోతుంది. అందుకే మా ఊళ్లో కొందరు దీన్ని హంస తోరణం అంటారు.

పొరుగూరి నుంచి ఒక వడ్డెర పెద్దాయనను ఒకసారి ఇక్కడికి తీసుకొచ్చాను. జీవితమంతా రాయి కొట్టిన మనిషి. నేను హంసలను చూపిస్తుంటే ఆయన అటు చూడనే లేదు. కిందికి వంగి స్తంభం పాదం దగ్గర అరచెయ్యి పెట్టాడు. "పువ్వులు తర్వాత చూద్దాం సారూ, ముందుగాల కాళ్లు చూడు. ఇన్ని నూర్ల ఏండ్లకు కాలు కదల్లే" అన్నాడు. ఆ తర్వాత రెండు రాళ్లు కలిసే చోట గోరు పెట్టి గీశాడు. గోరు దిగలేదు. అప్పుడు గానీ ఆయన తలెత్తి పైన దూలం వైపు చూడలేదు.

ఆ దూలం ఎందుకు విరగలేదో విద్యార్థులకు చెప్పాలి. చాక్‌పీసు బల్ల మీద నిలబెట్టి పైనుంచి నొక్కండి, తట్టుకుంటుంది. అదే చాక్‌పీసు రెండు కొసలూ పట్టుకుని వంచండి, టక్కున విరుగుతుంది. రాయి కూడా అంతే. బరువు మోస్తుంది, వంపును ఓర్చుకోదు. రెండు స్తంభాల మధ్య దూరం పెరిగేకొద్దీ నడుమ దూలం వంగాలని చూస్తుంది. ఆ ఏటవాలు రాళ్లు చేతులు చాపి కింది నుంచి పట్టుకుంటున్నాయి కాబట్టి నడుమ ఆసరా లేని దూరం తగ్గింది. ఇక బయటికి సాగిన కొసలు ఉన్నాయే, అవి అందం కోసం మాత్రమే కాదు. కావడి మోసేవాణ్ని చూశారు కదా, భుజానికి ముందూ వెనకా బరువు ఉంటేనే కావడి నిలుస్తుంది. స్తంభం భుజమైతే, ఒక పక్క నడిమి దూలం, ఇంకో పక్క బయటి కొస. బయటి కొస కిందికి లాగుతుంటే నడుమ మీద వంపు తగ్గుతుంది. ఆ కొస మీద హంసను కూర్చోబెట్టిన శిల్పికి ఈ సంగతి తెలుసు.

మనం మాటవరసకు దీన్ని కమాన్ అంటాం. నేనూ అంటాను. కానీ పని తీరు చూస్తే ఇది కమాన్ కాదు. కమాన్ అంటే వంపు తిరిగినది, రాళ్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ బరువును పక్కలకు దించేది. తోరణంలో వంపు లేదు. నిలువు రాయి, అడ్డ రాయి, అంతే. మన ఇంటి ద్వారబంధం లెక్కనే. అసలు తోరణం అన్న మాటకు మన ఇళ్లల్లో అర్థం ఏమిటి? పండుగనాడు దర్వాజకు కట్టే మామిడాకుల దండ. ఆ దూలం మీద వరుసగా వేలాడుతున్న దండలను మళ్లీ చూడండి. మామిడాకు సాయంత్రానికి వాడుతుంది. ఈ ఊరి దర్వాజకు వాడని తోరణం కట్టాలనుకున్నారు, రాయితో కట్టారు.

నాలుగు దిక్కులా తోరణాలు పెట్టడం కాకతీయులు కొత్తగా కనిపెట్టింది కాదు. సాంచీ స్తూపానికి ఉన్నాయి, వీటికంటే వెయ్యేళ్లకు పైగా పాతవి. సాంచీ దక్షిణ తోరణం మీద శాతవాహన రాజు శాతకర్ణి దగ్గరి శిల్పుల పెద్ద ఆనందుడు ఇచ్చిన దానమని శాసనం ఉంది. ఆ శాతవాహనుల తొలినాటి నాణేలు మన జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరికాయి. చుట్టరికం ఎంత దూరం నుంచి వస్తోందో చూడండి. అయితే సాంచీలో తోరణాల నడుమ స్తూపం ఉంది. ఇక్కడ నడుమ మనం కూర్చున్నాం.

ఇక ఇల్లు దగ్గరికి వద్దాం.

మనం కూర్చున్న జాగాలో స్వయంభూ శివాలయం ఉండేది. కాకతీయుల ఇలవేల్పు స్వయంభూదేవుడు. ఊరు గుండ్రంగా, నాలుగు దిక్కులకూ దర్వాజలు, నాలుగు బాటలు నడుమకు వచ్చి కలిస్తే అక్కడ గుడి. చక్రానికి ఇరుసు ఎట్లానో ఓరుగల్లుకు ఈ గుడి అట్లా. 1323లో ఢిల్లీ నుంచి ఉలుగ్ ఖాన్ దండెత్తి వచ్చాడు, తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు. అంతకుముందు ఒకసారి వచ్చి వెనుదిరిగిన మనిషి ఈసారి కోట పట్టుకున్నాడు. ప్రతాపరుద్రుణ్ని బందీగా ఢిల్లీకి పంపితే దారిలో నర్మద ఒడ్డున ప్రాణం పోయింది. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అని మార్చారు. గుడి కూలింది. ఆ జాగాలోనే పెద్ద మసీదు కట్టారని కొందరు చరిత్రకారులు ఇక్కడి రాళ్ల ఆధారాలతో చూపించారు. ఇప్పుడు అదీ లేదు.

మరి తోరణాలు ఎట్లా మిగిలాయి? వాటి మీద దేవుడి బొమ్మ ఒక్కటీ లేదు కాబట్టి జోలికి పోలేదని ఒక మాట ఉంది. పువ్వులు, పక్షులు, మృగాలు తప్ప నిజంగానే దేవతా మూర్తులు లేవు. నాకు మాత్రం ఆ జవాబు సగమే అనిపిస్తుంది. బొమ్మలు లేవని వదిలేయడం ఒకటి, కావాలని ఉంచుకోవడం ఇంకొకటి. కొత్తగా వచ్చిన ఏలికలకు కూడా తమ మసీదు ముందు ఇంత ఠీవి గల వాకిళ్లు కావాలనిపించి ఉంటుందన్న చరిత్రకారుల మాటే నాకు నమ్మబుద్ధి అవుతుంది.

ఇప్పుడు ఈ రాళ్ల సంగతి. ఇందాక మిమ్మల్ని లేపిన రాయి చూడండి. నడుమ విప్పారిన పద్మం, చుట్టూ రేకులు. అది ఏ భాగం రాయో చెప్పగలరా? బండ కాదు, పీట కాదు. అది కప్పు రాయి. గుడి నిలబడి ఉన్నప్పుడు ఆ పద్మం కిందికి చూస్తూ ఉండేది. మండపంలో నిలబడి తల పూర్తిగా వెనక్కి వాలిస్తే తప్ప కనిపించేది కాదు. ఏడువందల ఏళ్ల కిందట ఏ ఓరుగల్లు మనిషీ చేత్తో తాకని పువ్వు అది. ఇప్పుడు నేల మీద పడి మన కాళ్ల దగ్గర ఉంది. నేను లేవమన్నది అందుకే. దాని పక్కన ఆ స్తంభం ముక్క తల చూడండి, మధ్యలో బొడిపె పొడుచుకొచ్చింది. పై రాయి అడుగున దానికి సరిపడా గుంత ఉంటుంది. బొడిపె గుంతలో కూర్చుంటే సున్నం అక్కర్లేకుండా రాయి పక్కకు జరగదు. గుడి నిలబడి ఉంటే ఈ అతుకు మనకు ఎప్పటికీ కనిపించేది కాదు. కూలిన గుడి తన లోపలి పనిని మనకు చూపిస్తోంది. ఈ మాట చెప్పడానికి నాకు బాధగానే ఉంటుంది, కానీ నిజం.

ఇక్కడికి దగ్గర్లోనే ఖుష్ మహల్ ఉంది. పోతూ పోతూ తప్పకుండా చూడండి. 16వ శతాబ్దం మొదట్లో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్, అసలు పేరు సీతాపతి, కట్టించాడని మా ఊళ్లో అనేవారు. కట్టడం తీరు చూసి అది తుగ్లక్‌ల కాలం నాటిదని పండితులు తేల్చారు. గోడలు కింద మందంగా ఉండి పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతాయి. లోపలికి అడుగుపెడితే వరుసగా కమాన్లు, ఇందాక చెప్పిన నిజమైన కమాన్లు, ఇంటి కప్పును మోయడానికి కట్టినవి. తోరణం చూసి వెంటనే అక్కడికి పోండి. రాయి అవే గుట్టల రాయి. ఒక చోట అడ్డంగా పడుకుని బరువు మోస్తోంది, ఇంకో చోట వంపు తిరిగి మోస్తోంది. ఈ రెండు విద్యలూ ఇంత దగ్గరగా చూసే వీలు మనకు నడిచిపోయే దూరంలో ఉంది, దానికోసం ఢిల్లీ పోనక్కర్లేదు.

రాజముద్రలో తోరణం లోపల చార్మినార్ ఎందుకుందని చాలామంది నన్ను అడుగుతారు. రెండు ప్రాంతాల గుర్తులు కలిపారనుకుంటారు. నేను ఇంకో సంగతి చెబుతాను. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్‌కు నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు, నాలుగు బాటలు. దానికి కొద్ది దూరంలో గుల్జార్ హౌజ్. ఆ నీటి తొట్టి చుట్టూ, నాలుగు దిక్కులా, విడివిడిగా నిలబడిన నాలుగు పెద్ద కమాన్లు. మచ్లీ కమాన్, కాలీ కమాన్ అని హైదరాబాదువాళ్లు ఇప్పటికీ పేర్లు పెట్టి పిలుస్తారు. నడుమ ఒక కేంద్రం, చుట్టూ నాలుగు వాకిళ్లు. ఎక్కడో చూసినట్టుంది కదా! హైదరాబాదు నడిబొడ్డును గీసినప్పుడు వాళ్ల కళ్ల ముందు ఓరుగల్లు ఉందని వాదించిన చరిత్రకారులు ఉన్నారు. గోల్కొండ సుల్తానులు తెలుగు నేలను ఏలినవాళ్లు. ఈ నేల మీద రాజ్యం చేసేవాళ్లకు ఓరుగల్లు పేరు ఎంత బరువైనదో వాళ్లకు తెలియకుండా ఉంటుందా? నాకైతే ఈ వాదన చదివిన రోజు రాత్రి నిద్రపట్టలేదు. గుడి పోయినా దాని చుట్టూ గీసిన గీత ఇంకో ఊరికి నడిచిపోయింది.

ఇంకో మాట. 2014లో మన దేశం యునెస్కోకు ఇచ్చిన తాత్కాలిక జాబితాలో కాకతీయుల గుళ్లు, తోరణాలు కలిపి పెట్టారు. వేయిస్తంభాల గుడి, ఈ స్వయంభూ ఆలయ శిథిలాలు, తోరణాలు, రామప్ప గుడి. 2021 జూలై 25న ప్రపంచ వారసత్వ హోదా రామప్పకు ఒక్కదానికే వచ్చింది. రామప్పకు రావడం మనందరికీ పండుగే, ఆ రోజు నేనూ పాలంపేట పోయి వచ్చాను. ఐతే అక్కడ గుడి నిలబడి ఉంది, చూడగానే అర్థమవుతుంది. ఇక్కడ చూడగానే అర్థం కాదు, ఎవరైనా చెప్పాలి. అందుకే ఇక్కడి రాయికి రామప్ప రాయికంటే మన అవసరం ఎక్కువ. వచ్చినవాళ్లు తోరణం కింద నిలబడి ఫొటో దిగుతారు. దిగనివ్వండి, మంచిదే. కానీ ఫొటోలో ప్రతి ఒక్కరి వీపూ ఈ శిథిలాల వైపే ఉంటుంది. మీ చుట్టాలను తీసుకొచ్చినప్పుడు ఫొటో అయ్యాక ఒక్కసారి వాళ్లను వెనక్కి తిప్పండి. కప్పు రాయి ఏదో, స్తంభం తల ఏదో చూపించండి. రాళ్ల మీద పేర్లు గీకేవాళ్లు కనిపిస్తే ఊరుకోకండి. గట్టిగా అనాల్సి వస్తే అనండి.

ఆ ముసలమ్మ మళ్లీ నాకు కనిపించలేదు. కనిపిస్తే ఆమెను తీసుకుపోవాలని ఒక చోటు అనుకుని పెట్టుకున్నాను. ఇక్కడి నుంచి దక్షిణం దిక్కుకు పోతే శంభుని గుడి ఉంది. చిన్న గుడి, పెద్ద గోపురం ఏమీ లేదు. అందులో లింగానికి నాలుగు ముఖాలు. ఈ స్వయంభూ గుడిలో ఉండిన దేవుడే ఇప్పుడు అక్కడ పూజలు అందుకుంటున్నాడని చెబుతారు. నాలుగు ముఖాల దేవుడు, నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. ఏ వాకిట్లో నుంచి ఎవరు వచ్చినా ఎదురుగా ఒక ముఖం.

పొద్దు గుంకేలోపు అక్కడికి పోదాం, లేవండి. బాటిళ్లు, కవర్లు ఎవరివి వాళ్లు తీసుకోండి. దక్షిణం తోరణం కింది నుంచే నడుద్దాం. గుడి ఇరుకు, చెప్పులు బయట విడిచి నలుగురు నలుగురుగా లోపలికి పోండి, నాలుగు వైపుల నుంచీ చూడండి. దీపం వెలుగులో ముఖాలు నిదానంగా కనిపిస్తాయి, తొందరపడకండి. నేను గడప దగ్గర నిలబడి ఉంటాను.